130 ఫొటోల ఆల్బం, 4,000 ఫ్రేముల పెళ్ళి: పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ మండపంలో

పెళ్ళి ఫొటోలు తీయడం 2013లో మానేశాను. 2024 శ్రావణంలో మళ్ళీ ఒక పెళ్ళి తీశాను. ఆ ఒక్క పెళ్ళి గురించే ఈ కేస్ స్టడీ. ఎవరి పెళ్ళో, ఏ మండపమో చెప్పను. మండపం తిరుచానూరు రోడ్డులో ఉంది, అమ్మాయి వాళ్ళది తిరుపతి, అబ్బాయి వాళ్ళది చిత్తూరు పక్కన పల్లె. అంతవరకు చాలు. లెక్కలూ తప్పులూ మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. రోజూ మండపాల్లోనే ఉండే తమ్ముళ్ళకు ఇందులో కొన్ని చిన్నపిల్లల పాఠాల్లా అనిపించవచ్చు. పదకొండేళ్ళు బయట ఉండి వచ్చినవాడికి అవే పెద్ద పాఠాలు.

ఎందుకు మానేశాను

ఎవరడిగినా "రాత్రిళ్ళు నిద్ర ఉండదు, మోకాళ్ళు పోయాయి" అనేవాణ్ని. అబద్ధం కాదు గానీ అసలు సంగతి వేరు. 2013 మాఘంలో ఒక రిసెప్షన్ తీసి, ఆ రాత్రే కార్డును హార్డ్ డిస్కులోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేశాను. తెల్లవారుజామున ముహూర్తానికి అదే కార్డు వాడుకున్నాను. నాలుగు రోజులకు డిస్కు టక్ టక్‌మని ఆగిపోయింది. చెన్నై తీసుకెళ్ళి చూపించినా ఏమీ రాలేదు. ముహూర్తం ఫొటోలు కార్డులో ఉన్నాయి, రిసెప్షన్ మొత్తం పోయింది. డబ్బు వెనక్కి ఇవ్వబోతే అమ్మాయి తండ్రి తీసుకోలేదు. "డబ్బులెందుకు సార్. మా నాయన స్టేజీ ఎక్కింది ఆ రాత్రి ఒక్కసారే. ఆ ఫొటో ఒక్కటి ఇప్పించండి" అన్నాడు. ఇవ్వలేకపోయాను. ఆ సీజన్‌లో చేతిలో ఉన్న రెండు పెళ్ళిళ్ళు పూర్తిచేసి ఆపేశాను.

తర్వాత వస్తువుల ఫొటోలు. మామిడి గుజ్జు డబ్బాలు, ఇత్తడి దీపాలు, హోటళ్ళ మెనూ కార్డులు, శ్రీకాళహస్తి కలంకారీ చీరలు. డబ్బా కదలదు, చీర కళ్ళు మూసుకోదు, "ఇంకొకటి తీయన్నా" అనదు. కలంకారీ మాత్రం నాకొక మంచి పని నేర్పింది. ఆ రంగులు చెట్ల బెరళ్ళు, పూలు, కాయల నుంచి వస్తాయి. ఫొటోలో ఎరుపు కాస్త ఎక్కువైనా చేసినవాళ్ళు ఒప్పుకోరు. పదేళ్ళు రంగు పట్టుకోవడమే పనిగా బతికాను. ఈ పెళ్ళిలో అది అక్కరకొచ్చింది.

పిలుపు

2024 వేసవిలో మూఢాలు, వాటి వెనకే ఆషాఢం వచ్చి దాదాపు మూడు నెలలు ముహూర్తాలు లేకుండా పోయాయి. మండపాలు, మేళాలు, వంటవాళ్ళు, ఫొటోగ్రాఫర్లు అందరూ ఖాళీ. శ్రావణం మొదలవగానే ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఊళ్ళో ఏ కెమెరా కుర్రాడూ దొరకని వారం అది. ఆ వారంలోనే ఒకావిడ ఫోన్ చేసింది.

"అన్నా, గుర్తుపట్టినారా? 1998లో మా పెళ్ళికి మీరే ఫొటోలు తీసినారు. ఇప్పుడు నా కూతురి పెళ్ళి."

ఫొటోగ్రాఫర్ దొరక్కే నన్ను పిలుస్తోందని అర్థమైంది. మానేశానని చెప్పాను. అప్పుడామె అన్న మాట ఈ పనికంతటికీ మూలం. "మా పెళ్ళి ఆల్బంలో 130 ఫొటోలుండాయన్నా. ఏ ఫొటో తీసినా ఎవరు ఎవరో చెప్పొచ్చు. పోయినేడు మా చెల్లెలి కొడుకు పెళ్ళిలో మూడు వేలు తీసినారు. మా అమ్మ ఒక్కదాంట్లోనూ లేదు."

ఆ కొత్త ఆల్బం తెప్పించుకుని చూశాను. బాగా తీశారు. అబద్ధమెందుకు, నాకంటే బాగా తీశారు. పెళ్ళికూతురి జడ, మెహందీ చేతులు, వెనక మసకగా దీపాలు, పెళ్ళికొడుకు నవ్వు. నలభై షీట్లలో ముప్పై షీట్లు ఆ ఇద్దరే. అమ్మమ్మ ఒక ఫొటోలో ఉంది, లేదనకూడదు. ఫోకస్ బయట, చీర అంచు వరకు.

1998లో నా దగ్గర నికాన్ ఎఫ్‌ఎం10, రోలుకు 36 ఫొటోలు. పెళ్ళికి నాలుగు రోళ్ళని ముందే మాట్లాడుకునేవాళ్ళం. అంటే 144. మీట నొక్కిన ప్రతిసారీ డబ్బు, అందుకని ఎవరిని తీయాలో ఇంటి పెద్ద పక్కన నిలబడి చెప్పేవాడు. "ఈయన మా పెద్ద బావ, ఈయన్ని వదలొద్దు." పక్కన ఒక కుర్రాడు వీడియోకి వెయ్యి వాట్ల హాలోజన్ లైటు పట్టుకుని నిలబడితే పెళ్ళికూతురి ముఖం మీద చెమట, పౌడరు కలిసి కారేవి. ఆ ఫొటోల్లో కళ ఏమీ ఉండేది కాదు, అందరూ ఫ్లాష్‌కు బెదిరిన ముఖాలే. కానీ అందరూ ఉండేవాళ్ళు.

ఒప్పుకున్నాను. రిసెప్షన్, ముహూర్తం రెండూ, ఇరువైపుల ఫొటోలు, ఒక ఆల్బం, 85,000. వీడియో అబ్బాయి వాళ్ళది. వాళ్ళ స్నేహితుల టీం, జింబల్ (కెమెరా అదరకుండా ఉంచే పిడి) పట్టుకునేవాళ్ళు ఇద్దరు, డ్రోన్‌కు ఒకడు.

పాత ఆల్బంతో రెండు మధ్యాహ్నాలు

పెళ్ళికి పది రోజుల ముందు వాళ్ళింటికి వెళ్ళి ఆ 1998 ఆల్బం, ఒక నోటుబుక్కు పెట్టుకుని పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ఇప్పటి పెళ్ళికూతురికి ఆమె అవ్వ, అమ్మకు అమ్మ. ఫొటోకొక వేలు పెట్టి చెబుతూ పోయింది. "వీడు నా పెద్ద కొడుకు. ఇది వాడి పెండ్లాం, అప్పుడు మాటల్లేవు, ఇప్పుడుండాయి. ఈయన లేడు. ఈమె లేదు. ఈ పిల్లోడు ఇప్పుడు బెంగుళూర్లో ఉండాడు, గడ్డం పెంచినాడు, నువ్వు గుర్తుపట్టలేవు నాయనా." లేనివాళ్ళను తీసేస్తే 41 మంది మిగిలారు. తర్వాత పుట్టినవాళ్ళు, కోడళ్ళు, అల్లుళ్ళు కలిపి 63. ఒక్కొక్కరి ఇప్పటి ఫొటో వాళ్ళ వాట్సాప్ నుంచి తీసుకుని, పేరు, వరస రాసి, చిన్న సైజులో నాలుగు పేజీలు ప్రింటు తీశాను. ఒక కాపీ నా జేబులో, ఇంకొకటి అసిస్టెంటు జేబులో.

కొత్త కెమెరా నేర్చుకోవడానికి పట్టిన సమయం ఇంతకంటే తక్కువ. నా పాత కెమెరా నికాన్ డి810 చీరలకు, డబ్బాలకు సరిపోతుంది గానీ తెల్లవారుజామున మండపంలో పరిగెత్తడానికి కాదు. ఒక మిత్రుడి దగ్గర నికాన్ జెడ్6 టూ, 85 ఎం.ఎం., 24–120 లెన్సులు రెండు రోజులకు అద్దెకు తీసుకున్నాను. మనిషి కన్ను ఎక్కడుంటే అక్కడ ఫోకస్ అతుక్కుపోతుంది. ఇరవై ఏళ్ళు లెన్సు మీద ఫోకస్ రింగు తిప్పి తిప్పి సంపాదించుకున్న విద్య ఒక మెనూలో ఆన్, ఆఫ్ అయిపోయిందని చూసి కాసేపు మనసు చివుక్కుమంది. తర్వాత అలవాటైంది. దానికి రెండు కార్డులు పడతాయి, ప్రతి ఫొటో రెండింట్లోనూ ఎక్కుతుంది. 2013లో నాకు ఇదే ఉండి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

పర్పుల్ లైట్లు

పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం మండపానికి వెళ్ళాను. వేదిక వెనకంతా పూలు, ముందు రెండు పక్కలా రంగులు మారే ఎల్‌ఈడీ పార్ లైట్లు. డెకరేషన్ కుర్రాడు వాటిని పర్పుల్‌లో పెట్టాడు. అమ్మాయి ముహూర్తం చీర పసుపు పట్టు, ఎర్ర అంచు. పర్పుల్ వెలుగులో పసుపు చీర బురద రంగులోకి పోతుంది, ముఖం మీద ఎరుపు, నీలం మాత్రమే నిండిపోయి చర్మపు రంగు తర్వాత ఏ సాఫ్ట్‌వేరులోనూ తిరిగి రాదు. లేని రంగును ఎక్కడినుంచి తెస్తాం? తెల్ల వెలుగు పడితేనే చీరలో పసుపు కెమెరాకు చేరుతుంది.

ఇది మాటలతో చెబితే ఎవరూ వినరు. అందుకని ఇంటి నుంచి ఒక పసుపు చీర తెప్పించి, వేదిక మీద ఒకమ్మాయిని కూర్చోబెట్టి, పర్పుల్‌లో ఒక ఫొటో, మామూలు తెలుపులో ఒక ఫొటో తీసి పెళ్ళికూతురి తల్లికి చూపించాను. ఆమె ఏమీ అనలేదు, తిన్నగా లైట్ల కుర్రాడి దగ్గరికి నడిచింది. జింబల్ తమ్ముళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. "అంకుల్, కలర్ లేకపోతే సినిమాటిక్ ఫీల్ రాదు." (అంకుల్ అన్నందుకు బాధ లేదు. కొంచెం ఉంది.) చివరికి కుదిరిన ఒప్పందం ఇది: వెనక పూల మీద వాళ్ళకిష్టమైన రంగు ఉండొచ్చు, మనుషుల మీద పడే ముందు లైట్లు ముహూర్తానికి పావుగంట ముందు నుంచి తలంబ్రాలయ్యే దాకా తెలుపు.

డ్రోన్ సంగతి కూడా అప్పుడే తేల్చుకున్నాం. రేణిగుంటలో విమానాశ్రయం ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ముందస్తు అనుమతి లేకుండా 200 అడుగుల వరకే ఎగరేయొచ్చు, ఇంకా దగ్గరైతే అదీ కుదరదు. మ్యాపు చూసుకోకుండా పైకి లేపొద్దని చెప్పాను. పెళ్ళికొడుకు చిన్నాన్న ఒకాయన, మర్నాడు కొండకు పోయినప్పుడు గోపురం మీద నుంచి కొత్త జంటను తీస్తే ఎట్లుంటుందని అడిగాడు. తిరుమలలో డ్రోన్ నిషేధమని, గుడిలోకి కెమెరానే కాదు ఫోను కూడా పోనివ్వరని చెబితే "మా ఊర్నించి వచ్చినోళ్ళకి అదేం తెలుస్తుంది సామీ" అన్నాడు. అదీ నిజమే.

రిసెప్షన్: నా తప్పు

మా వైపు రిసెప్షన్ ముందురోజు రాత్రే అయిపోతుంది, ముహూర్తం తెల్లవారుజామున. వేదిక వెనక పెద్ద ఎల్‌ఈడీ వాల్. అందులో చంద్రగిరి కోట ముందూ తలకోన జలపాతం దగ్గరా తీసిన ప్రీ వెడ్డింగ్ వీడియో తిరుగుతూ ఉంది. జంట దాని ముందు నిలబడింది, చుట్టాలు వరసలో ఎక్కి దిగుతున్నారు.

నేను కెమెరాను సైలెంట్ మోడ్‌లో పెట్టాను. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. శబ్దం లేకుండా తీయగలుగుతున్నానన్న సరదా. వెనక చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపించాయి. రాత్రి తొమ్మిదింపావుకు ఒకటి పెద్దది చేసి చూస్తే జంట వెనక గోడ మీద నల్లటి అడ్డ చారలు. ముందుకు పోయి చూశాను, చారలే. 212 ఫ్రేములు.

ఎందుకంటే సైలెంట్ మోడ్‌లో లోపల షట్టర్ రెక్కలు కదలవు. సెన్సర్ (ఫొటోను పట్టే చిప్పు) పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది. ఆ కొద్ది సమయంలోనే ఎల్‌ఈడీ వాల్ మన కంటికి తెలియనంత వేగంగా ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంది. వెలిగినప్పుడు చదివిన వరసలు తెల్లగా, ఆరినప్పుడు చదివినవి నల్లగా పడతాయి. మామూలు ట్యూబులైట్లకు, బల్బులకు చిట్కా తేలిక. మన కరెంటు 50 హెర్ట్జ్, అవి సెకనుకు 100 సార్లు మినుకుతాయి, షట్టర్ 1/100లో, అంటే సెకనులో వందో వంతు తెరిచి ఉండేలా పెడితే సరిపోతుంది. ఎల్‌ఈడీ వాల్‌కు అంత తేలిక లెక్క లేదు. మెకానికల్ షట్టర్‌కు మారి, 1/80కి దించి, నాలుగైదు తీసి పెద్దది చేసి చూశాక గాని మళ్ళీ మొదలుపెట్టలేదు.

పోయిన 212 సంగతేమిటి? ఇక్కడ అవ్వ లిస్టు పనికొచ్చింది. ఆ ఫ్రేముల్లో ఉన్నవాళ్ళను నాలుగు పేజీలతో పోల్చి చూస్తే లిస్టులోని వాళ్ళు 18 మంది తేలారు. మిగతావాళ్ళు ఆఫీసు వాళ్ళు, వీధి వాళ్ళు. వాళ్ళకు చారల ఫొటోలోనే గోడ మసకచేసి ఇవ్వొచ్చు. 18 మందీ మాత్రం దొరకాలి. అసిస్టెంటును భోజనాల హాలుకు పంపాను. వాడు ఒక చేత్తో ప్రింటు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, బంతి బంతికీ తిరిగి, ఆకు ముందు కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసుకుంటూ పోయాడు. 14 మంది దొరికారు. తాంబూలం సంచులు చేతిలో ఉండగానే వాళ్ళను జంట దగ్గరికి తీసుకొచ్చి, రిసెప్షన్ ముగిశాక గుమ్మం దగ్గర అరటి మానుల కింద మళ్ళీ తీశాను. నలుగురు అప్పటికే వెళ్ళిపోయారు. ఆ 14 ఫొటోలే ఆ రాత్రి తీసిన వాటిలో బాగున్నాయని తర్వాత అందరూ అన్నారు. భోజనం అయిపోయింది, వరసలో నిలబడాల్సిన పని లేదు, ముఖాలు తేలికపడ్డాయి. ఇది నా గొప్ప కాదు.

4 గంటల 40 నిమిషాలు

ముహూర్తం తెల్లవారుజామున 4.40కి. రాత్రి పడుకునే ముందు జింబల్ తమ్ముళ్ళను వేదిక మీదికి పిలిచి, సుద్దముక్కతో నేల మీద మూడు గుర్తులు పెట్టాను. తాళి కట్టేటప్పుడు ఎవరు ఎక్కడ ఉంటారో దానికి గుర్తు. పాత రోజుల్లో ఇది అక్కర్లేదు. ఒక ఫొటో ఆయన, ఒక వీడియో ఆయన, ఇద్దరికీ వేదిక అంతా సొంతం. ఇప్పుడు మేం నలుగురం, దానికి తోడు ఫోన్లు పట్టుకున్న యాభై చేతులు. ఏ క్షణంలో ఏం జరుగుతుందో నాకు నిద్రలో లేపినా తెలుసు. ఆ క్షణంలో నిలబడడానికి అడుగు జాగా సంపాదించుకోవడమే ఇప్పుడు నేర్చుకోవాల్సి వచ్చిన పని.

కెమెరాను మూడున్నరకే ఏసీ గదిలోంచి బయట పెట్టేశాను. శ్రావణంలో గాలి తేమగా ఉంటుంది, చల్లటి లెన్సు బయటికి రాగానే కళ్ళజోడుకు పట్టినట్టు ఆవిరి పడుతుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది. అరగంట వదిలేస్తే దానంతటదే పోతుంది.

అయ్యవారిని కలిసి ఏది ముందు, ఏది వెనక అని అడిగి రాసుకున్నాను. కాళ్ళు కడగడం, కన్యాదానం, అడ్డుతెర, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. ఇంటింటికీ వరస కొంచెం మారుతుంది, అడగడంలో తప్పులేదు. "సామీ, తాళి కట్టేటప్పుడు..." అని ఇంకా నేను మొదలుపెట్టకముందే ఆయన "మళ్ళీ కట్టమని మాత్రం అడగొద్దు నాయనా, పోయిన వారం ఒకాయన అడిగినాడు" అన్నారు. అడగనని మాటిచ్చాను.

తాళి క్షణానికి నా దగ్గర పాత కిటుకు ఒకటుంది. పెళ్ళికొడుకు చేతులను చూడకూడదు, డోలు ఆయన్ను చూడాలి. అయ్యవారు మేళం వైపు వేలు ఎత్తుతారు, డోలు ఆయన కర్ర పైకి లేస్తుంది, గట్టిమేళం మొదలవుతుంది, అప్పుడే ముడి పడుతుంది. ఆ కర్ర లేవడానికీ ముడికీ మధ్య రెండు మూడు సెకన్లు. అక్షింతలు వేయడానికి జనం ముందుకు తోసుకొచ్చేది కూడా ఆ సెకన్లలోనే. అవి పడే లోపల చిన్న అల్యూమినియం స్టూలు మీద ఎక్కాను. నేను సుద్ద గుర్తు మీదే ఉన్నాను, జింబల్ తమ్ముళ్ళూ వాళ్ళ గుర్తుల మీదే ఉన్నారు. మూడు ముళ్ళూ, పెళ్ళికూతురి వంచిన ముఖం, వెనక ఆడపడుచు జడ ఎత్తి పట్టుకోవడం, అన్నీ దొరికాయి. పసుపు చీర పసుపుగానే ఉంది.

తలంబ్రాల దగ్గర కొత్త కెమెరా తడబడింది. కంటి మీద ఉండాల్సిన ఫోకస్ ఎగిరే బియ్యం గింజల మీదికి దూకింది. ఆటో ఆపేసి, జంట ఉన్న దూరానికి ఫోకస్ బిగించి, షట్టర్ 1/500, ఐఎస్ఓ (వెలుగును కెమెరా అందుకునే స్థాయి) 6400. గింజలు గాల్లో నిలిచాయి. రింగు తిప్పడం మరిచిపోనందుకు ఆ ఒక్క చోట సంతోషించాను.

మేనమామ దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. వీళ్ళింట్లో పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు. ఆ పెద్ద మేనమామే అవ్వ పెద్ద కొడుకు, లిస్టులో మొదటి పేరు. వేదిక మీద సుద్ద గీశాను గానీ, గది గుమ్మం నుంచి వేదిక దాకా ఉన్న నడవ గురించి ఆలోచించలేదు. గంప రాగానే జింబల్ తమ్ముడు వెనక్కి వెనక్కి నడుస్తూ నాకూ గంపకూ మధ్యలోకి వచ్చాడు. వాడి తప్పు కాదు, వాడి పనే అది. నాకు దొరికిన తొమ్మిది ఫ్రేముల్లోనూ మేనమామ ముఖం సగం జింబల్ వెనక ఉంది.

తర్వాత వాళ్ళ వీడియో అడిగి తెచ్చుకున్నాను. 4కే వీడియోలో ఒక ఫ్రేము అడ్డంగా 3840 చుక్కలు, నిలువుగా 2160. 12 అంగుళాల వెడల్పున ముద్రిస్తే అంగుళానికి 320 చుక్కలు, బాగా వస్తుంది. 36 అంగుళాల షీటు నిండా పరిస్తే 107 దాటదు, మసకే. వీడియో 1/50 షట్టర్‌లో తీశారు కాబట్టి నడిచేటప్పుడు ఏ ఫ్రేము తీసినా అలికినట్టే ఉంది. మెట్టు దగ్గర ఆయన గంప సర్దుకోవడానికి ఒక్క అర సెకను ఆగాడు. ఆ అర సెకనులో ఒక ఫ్రేము నిలిచింది. దాన్నే చిన్న సైజులో ఆల్బంలో పెట్టాను. వీడియో టీంకు పేరు వేశాను.

లెక్కలు

రెండు పూటలకు మొత్తం 3,912 ఫ్రేములు, దాదాపు 115 జీబీ. మండపంలోనే రెండు కార్డుల్లో ఉన్నాయి. ఇంటికి రాగానే రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒక డిస్కు మా తమ్ముడి ఇంట్లో పెట్టించాను. ఆల్బం చేతికిచ్చే దాకా కార్డులు ఖాళీ చేయలేదు. నా భార్య "ఆ కార్డులకు పూజ కూడా చేయించు" అంది.

ఏరితే 640 మిగిలాయి. ఆల్బం 12×36 అంగుళాల సైజు, 40 షీట్లు, 204 ఫొటోలు. ఏరేటప్పుడు అందమైనవి ముందు కాకుండా, ముందు లిస్టు పట్టుకుని 63 మందీ ఉన్నారో లేదో చూశాను. రాత్రి వెళ్ళిపోయిన నలుగురిలో ఇద్దరు ముహూర్తానికి వచ్చారు. మిగతా ఇద్దరు చారలతోనే ఉన్నారు. 61 మంది ముఖం స్పష్టంగా ఉంది, ఒక్కొక్కరు కనీసం ఒక్క ఫొటోలో.

డబ్బు: వచ్చింది 85,000. అసిస్టెంటుకు 7,000, అద్దె 6,000, ఆల్బం ప్రింటింగు 16,000, డిజైన్ 6,000, తిరుగుడు ఖర్చు 2,000, తర్వాత చెప్పబోయే చిన్న ఆల్బంకు 4,500. మిగిలింది 43,500. పట్టిన రోజులు పదిహేను. రోజుకు 2,900. కలంకారీ చీరలు తీస్తే నాకు ఇంతకంటే ఎక్కువే వస్తుంది. పెళ్ళిళ్ళలో డబ్బుందని మళ్ళీ రావాలనుకునేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. పెళ్ళికి అప్పు చేయడం సాక్షాత్తు స్వామివారి నుంచే ఉంది కదా, మా ఊళ్ళో డెకరేషన్‌కు లెక్క చూడరు, ఫొటోల దగ్గర మాత్రం బేరం.

ఇంకొక సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. మనం తీశాం కదా అని ఇన్‌స్టాలో పెట్టేసుకోవడం కుదరదు. నేను పది ఫొటోలకు రాసి సంతకం అడిగాను. అబ్బాయి ఒప్పుకున్నాడు, అమ్మాయి వద్దంది. పెట్టలేదు.

చిత్తూరు నుంచి ఫోన్

ఆల్బం ఇచ్చిన వారానికి అవ్వ ఫోన్ చేయించింది. మేనమామ ఫొటో "శానా చిన్నగా ఉండాది" అంది, మిగతా అంతా బాగుందంది. నాకు కాస్త గర్వంగానే ఉంది. రెండు రోజులకు పెళ్ళికొడుకు నాన్నగారు చేశారు. గొంతు మెత్తగానే ఉంది.

"సార్, ఆల్బం శానా బాగుంది. ఒక్క మాట. మావాళ్ళు ఎంతమంది ఉండారో ఒకసారి లెక్కపెట్టినారా?"

ఆయన ఫోన్ పెట్టేశాక లెక్కపెట్టాను. జంట కాకుండా ముఖాలు కనిపించే ఫొటోలు 118. అందులో అమ్మాయి వైపు 87, అబ్బాయి వైపు 31. పెళ్ళికొడుకు జేజి, అంటే నాయనమ్మ, రెండు ఫొటోల్లో ఉంది, రెండింట్లోనూ వెనక వరసలో. డబ్బులో సగం వాళ్ళది. నా లిస్టు ఎవరి ఆల్బం నుంచి వచ్చిందో వాళ్ళనే నేను చూశాను. 63 మందిని వెతుకుతున్నప్పుడు మిగతా అందరూ నాకు జనమే అయిపోయారు. మూడు వేలు తీసి అవ్వను వదిలేసిన కుర్రాడు చేసిందీ ఇదే. వాడు జంటను చూశాడు, నేను ఒక వైపును చూశాను.

640లో ఆల్బంకు ఏరని వాటిలోకి మళ్ళీ వెళ్ళాను. అబ్బాయి వైపువాళ్ళవి ఇంకా 54 పనికొచ్చేవి దొరికాయి. వాటితో 12 షీట్ల చిన్న ఆల్బం చేయించి, డబ్బు తీసుకోకుండా చిత్తూరు వెళ్ళి ఇచ్చి వచ్చాను. జేజి ఫొటో ఒకటి ఎదురుకోలులో దొరికింది, ఎవరి మీదో పన్నీరు చల్లుతోంది, పక్కకు తిరిగి ఉంది. దాన్ని మొదటి షీటులో పెట్టాను. ఆమె ఆల్బం తెరిచి, ఆ ఫొటో దాటేసి, చివరి దాకా తిప్పి, "మా సుబ్బడు యాడ?" అంది. సుబ్బడెవరో అక్కడ ఎవరూ వెంటనే చెప్పలేకపోయారు. పెరట్లో పాలు పితికే ఆయనట, నలభై ఏళ్ళుగా వాళ్ళింట్లోనే ఉన్నాడట, పెళ్ళికి బస్సులో వచ్చాడట. ఇంటికొచ్చి 3,912లో వెతికాను. చారలు పడిన 212లో ఉన్నాడు, జంట పక్కన, కొత్త తుండుగుడ్డ భుజాన వేసుకుని. గోడ మసకచేసి ప్రింటు తీసి పంపాను.

మాఘంలో రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. రేటు అదే, షరతు ఒకటి కొత్తది: పాత ఆల్బం ఇద్దరి ఇళ్ళ నుంచీ కావాలి. మొదటి పెళ్ళిలో అబ్బాయి వాళ్ళ ఆల్బం చెదలు పట్టి పోయిందట. ఆదివారం వాళ్ళ ఊరు పోతున్నాను. ఆల్బం లేకపోతే ఇంట్లో ఎవరు పెద్దో వాళ్ళ పక్కన కూర్చుంటాను, ఇంటి మనుషులతో పాటు పనివాళ్ళను కూడా అడగాలని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను.